99 డెసిబెల్స్ హార్న్ స్పీకర్లకు ఎన్ని వాట్ల యాంప్లిఫయర్ కావాలి?

మీ ప్రశ్నలోని సంగతులను ముందుగా ఒకసారి చెప్పుకుంటాను. ఎక్కడైనా పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. హైదరాబాదులో పద్నాలుగు అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు ఉన్న మీ హాలులో ఈమధ్యే కొన్న పాత హార్న్ స్పీకర్ల జత ఉంది. ఒక్కొక్కదానిలో బేస్ పాడే పదిహేను అంగుళాల ఊఫర్, దాని పైన మధ్య స్వరాలకు (మిడ్‌రేంజికి) ఒక హార్న్, పై స్వరాలు పాడే ట్వీటరుకు ఒక హార్న్ ఉన్నాయి. కాగితం మీద 99 డెసిబెల్స్ సెన్సిటివిటీ, 8 ఓముల ఇంపీడెన్స్ (కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు) అని రాసి ఉంది. వాటిని ఛానెల్‌కు వంద వాట్లు ఇచ్చే స్టీరియో ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్‌తో (ప్రీ విభాగం, పవర్ విభాగం ఒకే పెట్టెలో ఉన్నదానితో) వింటున్నారు. పాట ఆపినా సోఫా దాకా సన్నని బుస వినబడుతోంది. వాల్యూమ్ నాబ్ ఎనిమిది గంటల స్థానం దాటితే ఇల్లు దద్దరిల్లుతోంది. రాత్రిపూట మెల్లగా పెట్టుకుంటే ఎడమ స్పీకర్ ఒక్కటే పాడుతున్నట్లు ఉంటోంది. ఒక దుకాణదారు ఎనిమిది వాట్ల 300బి వాల్వ్ యాంప్లిఫయర్ తీసుకోమన్నారు; మరొకరు రెండు వందల వాట్లు లేనిదే పదిహేను అంగుళాల ఊఫర్ కదలదన్నారు. ఎన్ని వాట్లు కావాలన్నది మీ ప్రశ్న.

వాట్ల లెక్క తేలికైనది కాబట్టి దానిని ముందే తేల్చివేస్తాను. అయితే మీరు రాసిన మూడు ఇబ్బందులలో ఒక్కటి కూడా వాట్లు చాలకపోవడం వల్ల వచ్చినది కాదని గమనించండి. అన్నీ ఏదో ఒకటి అవసరానికి మించి ఉండడం వల్ల వచ్చినవే. కొత్త యాంప్లిఫయర్ కొన్నా ఆ మిగులు అలాగే ఉంటే బుస అలాగే ఉంటుంది, మీ డబ్బు మాత్రం ఉండదు.

సెన్సిటివిటీ 99 డెసిబెల్స్ అంటే, ఒక వాటు విద్యుత్తు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో అంత ధ్వని వస్తుందని అర్థం. మీరు సుమారు మూడు మీటర్ల దూరంలో కూర్చుంటారు. ఆరుబయట అయితే అంత దూరానికి తొమ్మిదిన్నర డెసిబెల్స్ తగ్గుతుంది కాని, గోడల నుంచి తిరిగి వచ్చే ధ్వని కూడా కలుస్తుంది కాబట్టి మామూలు గదిలో ఆరు తగ్గుతుందని అనుకోవచ్చు. రెండు స్పీకర్లు పాడుతున్నందుకు మూడు కలపాలి. అంటే ఒక్కొక్క స్పీకరుకు ఒక వాటు చొప్పున ఇస్తే మీ సోఫా దగ్గర సుమారు 96 డెసిబెల్స్ వస్తుంది. హాయిగా వినే సగటు స్థాయి 75 డెసిబెల్స్ అనుకుంటే, పది డెసిబెల్స్ తగ్గితే పదో వంతు వాట్లు చాలు కాబట్టి, దానికి మీ యాంప్లిఫయర్ ఛానెల్‌కు ఇవ్వవలసింది ఎనిమిది మిల్లీవాట్లు మాత్రమే. వాటులో వెయ్యవ వంతులు ఎనిమిది. మృదంగం మీద గట్టి దెబ్బ, సినిమా పాటలో డప్పులు ఒక్కసారిగా లేచే చోటు వంటి క్షణిక శిఖరాలు 100 డెసిబెల్స్ దాకా వెళ్లినా కావలసింది రెండున్నర వాట్లు. ఇదే గదిలో 86 డెసిబెల్స్ బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉంటే అదే శిఖరానికి యాభై వాట్లు కావలసి వచ్చేది. మీ రెండో దుకాణదారు చెప్పిన మాట ఆ స్పీకర్ల విషయంలో కొంతవరకు చెల్లుతుంది. పదిహేను అంగుళాల ఊఫర్ పెద్దది కాబట్టి దానిని కదిలించడానికి ఎక్కువ వాట్లు కావాలన్నది మాత్రం తలకిందులైన వాదం. వైశాల్యం పెద్దదైనందువల్లనే అది తక్కువ కదిలి ఎక్కువ గాలిని తోస్తుంది.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. కాగితం మీది 99 నిజంగా 99 అయి ఉండకపోవచ్చు. కొందరు తయారీదారులు ప్రతిధ్వని లేని గదిలో కొలిచిన అంకెను ఇస్తారు, మరికొందరు మామూలు గదిలో గోడల సాయంతో వచ్చే అంకెను ఇస్తారు. ఈ రెండింటి మధ్య మూడు నాలుగు డెసిబెల్స్ తేడా రావడం వింత కాదు. పైగా చాలామంది ఒక వాటుకు బదులు 2.83 వోల్టులకు కొలుస్తారు. ఎనిమిది ఓముల స్పీకరుకు 2.83 వోల్టులంటే సరిగ్గా ఒక వాటే కాని, నాలుగు ఓముల స్పీకరుకు అది రెండు వాట్లు, కాబట్టి అక్కడ మూడు డెసిబెల్స్ ఉచితంగా కలిసి వస్తాయి. మీ స్పీకర్ల నిజమైన అంకె 95 అనుకుని మళ్లీ లెక్క వేస్తే రెండున్నర వాట్లు ఆరు వాట్లు దాటుతాయి. ఎనిమిది వాట్ల యాంప్లిఫయర్ అప్పుడు కూడా సరిపోతుంది కాని, అంచు మీద నడుస్తుంది. ఈ సంగతికి తరువాత మళ్లీ వస్తాను.

అసలు ఇంత తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే మిగిలిన విషయాలు సులభంగా అర్థమవుతాయి. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మీది రేకు హార్న్ నుంచి వచ్చే పాట ఊరి పొలిమేర దాకా వినబడుతుంది. దాని వెనుక ఉండే యాంప్లిఫయర్ చాలా ఊళ్లలో పాతిక, ముప్పై వాట్లది. మామూలు స్పీకర్ కోన్ గాలిని తోసినప్పుడు గాలి పక్కలకు జారిపోతుంది, పని జరగదు. హార్న్ తన సన్నని గొంతులో గాలిని ఒడిసిపట్టి, మెల్లగా వెడల్పవుతూ బయటికి అందజేస్తుంది. విద్యుత్తుకు ట్రాన్స్‌ఫార్మర్ ఎలాగో గాలికి హార్న్ అలాగ. మామూలు పెట్టె స్పీకర్ దక్షత ఎంత తక్కువో చాలామందికి తెలియదు. 86 డెసిబెల్స్ స్పీకర్ తనకు ఇచ్చిన విద్యుత్తులో పావు శాతాన్ని మాత్రమే ధ్వనిగా మారుస్తుంది, మిగిలినదంతా వాయిస్ కాయిల్‌లో వేడి అయిపోతుంది. 92 డెసిబెల్స్ దగ్గర ఒక శాతం, 99 దగ్గర ఐదు శాతం వస్తాయి. హార్న్ ధ్వనిని ఒకే వైపు పోగుచేస్తుంది కాబట్టి దాని విషయంలో అసలు దక్షత ఈ అంకె చెప్పినదానికంటే కొంత తక్కువే ఉంటుంది కాని, వరుస మాత్రం ఇదే.

మరి అందరూ ఇలాంటి స్పీకర్లనే ఎందుకు చేయలేదన్న సందేహం వస్తుంది. గుడి మైకులో గొంతు ముక్కుతో పాడినట్లు ఎందుకు ఉంటుందో చూస్తే సమాధానం దొరుకుతుంది: ఆ చిన్న హార్న్ సుమారు మూడు వందల హెర్ట్జ్ కింద పనిచేయదు. దక్షత, లోతైన బేస్, చిన్న పెట్టె అనే మూడింటిలో రెండింటినే ఎంచుకోగలమని స్పీకర్ ఇంజనీర్ ఆంటన్ హాఫ్‌మన్ చెప్పిన సూత్రాన్ని ఇనుప నియమం అంటారు. అమెరికాలోని ఆర్కాన్సాస్ రాష్ట్రంలో హోప్ అనే చిన్న ఊరిలో పాల్ క్లిప్ష్ 1946లో క్లిప్ష్‌హార్న్ తయారీ మొదలుపెట్టినప్పుడు, గది మూలనే బేస్ హార్న్‌కు కొనసాగింపుగా వాడుకుని, మనిషి ఎత్తు కంటే తక్కువగా ఉన్న పెట్టెలోంచి దక్షతనూ బేస్‌నూ రెండింటినీ రాబట్టారు. 1954లో ఎడ్గర్ విల్చుర్ మూసివున్న చిన్న పెట్టెతో ఏఆర్-1 తెచ్చి, బేస్‌నూ చిన్న పరిమాణాన్నీ ఎంచుకుని దక్షతను వదులుకున్నారు. ఆ దశాబ్దం చివర స్టీరియో వచ్చి ప్రతి ఇంట్లో ఒకటికి బదులు రెండు పెట్టెలు పెట్టవలసి రావడం, తరువాత ట్రాన్సిస్టర్ల వల్ల వాట్లు చవకైపోవడంతో ప్రపంచం రెండో దారిన వెళ్లింది. ఇప్పటి యాంప్లిఫయర్లలో చాలావరకు ఆ రెండో దారి స్పీకర్లను దృష్టిలో పెట్టుకుని చేసినవే. మీరు మొదటి దారి స్పీకర్లను రెండో దారి యాంప్లిఫయర్‌కు కలిపారు. మీ ఇబ్బందుల మూలం అక్కడ ఉంది.

ఇక బుస సంగతి. ప్రతి యాంప్లిఫయర్ ఏమీ పాడనప్పుడు కూడా కొద్దిపాటి రొదను స్పీకరుకు పంపుతూనే ఉంటుంది. ఆ రొద ఒక మిల్లీవోల్టు ఉందనుకోండి. అది 2.83 వోల్టుల కంటే 69 డెసిబెల్స్ తక్కువ. మీ 99 లోంచి 69 తీసివేస్తే స్పీకరుకు మీటరు దూరంలో 30 డెసిబెల్స్ రొద మిగులుతుంది. రాత్రి పదకొండు తరువాత ఫ్యాను ఆపిన గదిలో అది స్పష్టంగా వినబడుతుంది. అదే యాంప్లిఫయర్‌కు 86 డెసిబెల్స్ స్పీకర్లు కలిపితే మిగిలేది 17 డెసిబెల్స్, చెవికి అందదు. అంటే మీ యాంప్లిఫయర్ చెడిపోలేదు, పాత స్పీకర్లతో ఉన్నప్పుడు కూడా ఇంతే బుసకొట్టేది, మీకు వినబడలేదు అంతే. కాగితం మీది సిగ్నల్-టు-నాయిస్ అంకెను చూసి మోసపోకండి. వంద వాట్ల యాంప్లిఫయర్‌కు 100 డెసిబెల్స్ అని రాస్తే అది వంద వాట్లతో పోల్చి చెప్పినది. ఒక వాటుతో పోలిస్తే అది 80 మాత్రమే. మీరు వినేది ఒక వాటు లోపు కాబట్టి మీకు పనికివచ్చేది ఆ 80 అనే అంకె. 99 డెసిబెల్స్ స్పీకర్లకు స్పీకర్ టెర్మినల్ దగ్గర రొద 0.1 మిల్లీవోల్టుకు దగ్గరగా ఉన్న యాంప్లిఫయర్ దొరికితే ట్వీటర్ దగ్గర చెవి పెడితే తప్ప ఏమీ వినబడదు. నేను ఏ యాంప్లిఫయర్ గురించి చదివినా ముందు వెతికే అంకె ఇదే, వాట్ల అంకెను తరువాత చూస్తాను.

మీ బుస ఎక్కడ పుడుతోందో డబ్బు ఖర్చు లేకుండా కనిపెట్టవచ్చు. పాట ఆపి వాల్యూమ్ సున్నాకు తెచ్చి వినండి. తరువాత నాబ్‌ను సగం దాకా తిప్పి వినండి. పొరపాటున పాట మొదలు కాకుండా ముందే సోర్సును ఆపేయండి, లేకపోతే మీ స్పీకర్లతో అది పొరుగింటివాళ్లకు కూడా పరీక్ష అవుతుంది. నాబ్‌తో పాటు బుస పెరిగితే అది వాల్యూమ్ కంట్రోలుకు ముందున్న భాగంలో, అంటే డ్యాక్‌లోనో (డిజిటల్ పాటను సిగ్నల్‌గా మార్చే పరికరం) ఫోనో స్టేజీలోనో (రికార్డ్ ప్లేయర్ సిగ్నల్‌ను పెంచే భాగం) పుడుతోంది. పెరగకపోతే నాబ్ తరువాతి భాగంలో పుడుతోంది. మీ యాంప్లిఫయర్ వెనుక ప్రీ-అవుట్, మెయిన్-ఇన్ జాక్‌ల మధ్య లోహపు లింకులు ఉన్నాయని రాశారు. ఇది మీ అదృష్టం. కరెంటు పూర్తిగా ఆపి, ఆ లింకులు తీసి, మెయిన్-ఇన్‌లో షార్టింగ్ ప్లగ్గులు (సిగ్నల్‌నూ గ్రౌండ్‌నూ కలిపేసేవి) పెట్టి మళ్లీ ఆన్ చేయండి. బుస పోతే దోషం ప్రీ విభాగానిది. ఉంటే పవర్ విభాగానిది; అప్పుడే యాంప్లిఫయర్ మార్చడం గురించి ఆలోచించాలి.

చాలా సందర్భాలలో బుస పోతుందనే నా ఊహ, ఎందుకంటే మీ రెండో ఇబ్బంది, మూడో ఇబ్బంది కూడా అదే చోటును చూపిస్తున్నాయి. పవర్ విభాగాల గెయిన్ మామూలుగా 29 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, అంటే వచ్చిన వోల్టేజిని ఇరవై ఎనిమిది రెట్లు చేస్తుంది. సీడీ ప్లేయర్ గాని డ్యాక్ గాని గరిష్ఠంగా రెండు వోల్టులు ఇస్తుంది. మీ శిఖరాలకు కావలసిన రెండున్నర వాట్లు అంటే ఎనిమిది ఓముల దగ్గర నాలుగున్నర వోల్టులు. రెండును నాలుగున్నర చేయడానికి ఏడు డెసిబెల్స్ గెయిన్ చాలు. మిగిలిన 22 డెసిబెల్స్‌ను మీరు వాల్యూమ్ నాబ్ దగ్గర పారబోస్తున్నారు. ఆ పారబోత వల్లనే నాబ్ ఎప్పుడూ అడుగున ఉండిపోతుంది. మామూలు వాల్యూమ్ పొటెన్షియోమీటర్లలో రెండు ఛానెళ్ల ట్రాకులు అడుగు భాగంలో ఒకదానితో ఒకటి సరిపోవు. పైకి వెళ్లేకొద్దీ సరిపోతాయి. రాత్రిపూట ఎడమ స్పీకర్ ఒక్కటే పాడడానికి కారణం స్పీకర్ కాదు, ఈ అడుగు భాగమే.

దీనికి మందు ప్రీ విభాగానికీ పవర్ విభాగానికీ మధ్య ఒక స్థిరమైన అటెన్యుయేటర్, అంటే సిగ్నల్‌ను తగ్గించే రెసిస్టర్ల జత. సిగ్నల్ తీగలో పది కిలో ఓముల రెసిస్టర్ ఒకటి వరుసగా, దాని తరువాత సిగ్నల్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 4.7 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి పెడితే పది డెసిబెల్స్ తగ్గుతుంది. ఆ రెండోదానిని 1.1 కిలో ఓములు చేస్తే ఇరవై తగ్గుతుంది. ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు కోఠీ గుజరాతీ గల్లీలో నాలుగు కొన్నా టీ ఖర్చు కాదు. వాటిని ఆర్‌సీఏ ప్లగ్గు లోపలే సోల్డర్ చేసి పవర్ విభాగం వైపు ఉంచండి. కేబుల్‌కు అవతలి కొసన పెడితే కేబుల్ కెపాసిటెన్స్‌తో కలిసి పై ఫ్రీక్వెన్సీలు కొద్దిగా కోసుకుపోవచ్చు. ప్రీ విభాగం నుంచి వచ్చే బుస అదే పది డెసిబెల్స్ తగ్గుతుంది, నాబ్ పది, పదకొండు గంటల స్థానానికి వస్తుంది, ఎడమ కుడి సమానమవుతాయి. ఒక్క పరికరం మూడు ఇబ్బందులనూ తీర్చడం ఈ రంగంలో అరుదు, కాబట్టి ముందు ఇది చేసి చూడమని ప్రాధేయపడుతున్నాను.

యాంప్లిఫయర్‌కూ స్పీకరుకూ మధ్య రెసిస్టర్ పెట్టి బుస తగ్గించుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బుస తగ్గే మాట నిజమే కాని, దక్షత కోసం కొన్న స్పీకర్ దక్షతను అక్కడే కాల్చివేసినట్లవుతుంది, పైగా ఊఫర్ మీద యాంప్లిఫయర్ పట్టు సడలుతుంది. ట్వీటర్ ఒక్కదాని స్థాయిని సరిచేయడానికి క్రాసోవర్ (పాటను ఊఫరుకూ హార్న్‌లకూ పంచే సర్క్యూట్) లోపల ఎల్-ప్యాడ్ అనే రెసిస్టర్ల జత పెట్టడం వేరు, అది సమ్మతమే.

బుసతో పాటు గుయ్‌మనే హమ్ కూడా ఉంటే దానికి విడిగా చికిత్స కావాలి. చాలా ఏళ్ల కిందట నేను మొదటిసారి 104 డెసిబెల్స్ హార్న్‌లు తెచ్చుకున్నప్పుడు, సింగిల్-ఎండెడ్ (ఒకే వాల్వు మొత్తం తరంగాన్ని మోసే) యాంప్లిఫయర్‌లో హమ్ వస్తోందని రెండు నెలలు దానిని అమ్మినవారితో వాదించాను. చివరికి తప్పు నాదేనని తేలింది. టీవీకి వచ్చే కేబుల్ షీల్డు వేరొక చోట భూమికి తగిలి ఉండడంతో, సెట్-టాప్ బాక్స్ ద్వారా గ్రౌండ్ లూప్ ఏర్పడింది. ఆ కేబుల్ పీకగానే హమ్ ఆగిపోయింది. అంతకుముందు ఉన్న 87 డెసిబెల్స్ స్పీకర్లతో అదే లూప్ ఏళ్ల తరబడి ఉన్నా నాకు వినబడలేదు. అమ్మినవారికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను, ఆయన నవ్వారు. మీరు కూడా అన్ని కేబుళ్లు తీసి ఒక్కొక్కటిగా కలుపుతూ వినండి. హమ్ పోవడానికి పవర్ ప్లగ్గు ఎర్త్ పిన్ను కత్తిరించే అలవాటు మన దగ్గర ఉంది. ప్రాణాపాయం కాబట్టి దయచేసి ఆ పని చేయకండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం అసలు దేనికీ కలిపి ఉండకపోవడం కూడా చూశాను, కాబట్టి ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించడం మంచిది.

ఇప్పుడు మొదటి దుకాణదారు చెప్పిన 300బి దగ్గరకు వస్తాను. వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ 1930లలో తయారుచేసిన ఈ ట్రయోడ్ (మూడు ఎలక్ట్రోడ్ల వాల్వు) ఒక్కటి సుమారు ఎనిమిది వాట్లు ఇస్తుంది. దాని బంధువు 2ఎ3 మూడున్నర వాట్లు ఇస్తుంది. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పును సరిదిద్దే పద్ధతి) లేకుండా కట్టిన సింగిల్-ఎండెడ్ యాంప్లిఫయర్‌లో మీరు వినే మిల్లీవాట్ల స్థాయి దగ్గర వక్రీకరణ చాలా తక్కువగా, ఎక్కువ భాగం రెండో హార్మోనిక్‌గా (అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీగా) ఉంటుంది. అది చెవికి ఇబ్బంది పెట్టదు, గొంతుకు కొంచెం నిండుతనాన్ని కూడా ఇస్తుంది. దీనిలో అభ్యంతరం లేదు. నా అభ్యంతరం వేరే చోట ఉంది: ఇలాంటి యాంప్లిఫయర్ల అవుట్‌పుట్ ఇంపీడెన్స్ రెండు, మూడు ఓములు ఉంటుంది. మంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌కు అది 0.1 ఓము కూడా ఉండదు.

స్పీకర్ మీద ఎనిమిది ఓములు అని రాసి ఉన్నా అది ఒక పేరు మాత్రమే. మీ స్పీకర్ల వంటి వాటిలో ఇంపీడెన్స్ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర నాలుగు ఓములకు పడిపోయి, క్రాసోవర్ దగ్గర ముప్పై ఓములకు లేవడం మామూలు. రెండున్నర ఓముల అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఉన్న యాంప్లిఫయర్‌కు కలిపితే, నాలుగు ఓముల చోట 4.2 డెసిబెల్స్ నష్టం, ముప్పై ఓముల చోట 0.7 డెసిబెల్స్ నష్టం వస్తాయి. అంటే మీ స్పీకర్ స్వరూపంలో మూడున్నర డెసిబెల్స్ ఎత్తుపల్లాలు కొత్తగా చేరతాయి. యాంప్లిఫయర్ మారిస్తే గొంతు ముందుకు వచ్చిందని, వీణ తీగలు మెరుస్తున్నాయని జనం మురిసిపోయే సందర్భాలలో చాలా వాటికి కారణం ట్రయోడ్ మహిమ కంటే ఈ ఎత్తుపల్లాలే అని నా అనుమానం. ఆ మార్పు మీ స్పీకరుకు మేలు చేయవచ్చు, కీడు చేయవచ్చు. స్పీకర్ ఇంపీడెన్స్ గ్రాఫ్ చూడకుండా ఎవరూ చెప్పలేరు.

మేలు చేసే సందర్భం ఒకటి చెప్పాలి, లేకపోతే వాల్వులకు అన్యాయం చేసినవాడినవుతాను. వాల్వుల కాలంలో పుట్టిన పెద్ద ఊఫర్లలో చాలావాటికి అయస్కాంతం ఎంత బలంగా ఉంటుందంటే, కోన్ కదలికను అదే గట్టిగా అదుపుచేస్తుంది. వాటిని ఇప్పటి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌కు కలిపితే అదుపు మరీ ఎక్కువై బేస్ పలచగా, పొడిపొడిగా ఉంటుంది. ఆరు ఓముల కాయిల్‌కు రెండున్నర ఓముల సోర్సు కలిసినప్పుడు ఆ విద్యుత్ అదుపు సుమారు ముప్పై శాతం సడలి, మృదంగం తొప్పి వైపు ధ్వనికి కండ పడుతుంది. ఆ కాలపు ఇంజనీర్లు ఆ సడలింపును లెక్కలో పెట్టుకునే పెట్టెలు కట్టారు. మీ స్పీకర్లలో బేస్ పలచగా ఉందనిపిస్తే వాల్వ్ యాంప్లిఫయర్ ప్రయత్నించడానికి అది సరైన కారణం. ఇప్పటికే బేస్ నిండుగా ఉంటే 300బితో అది ఉబ్బి, మద్దెలకూ బేస్ గిటారుకూ తేడా తెలియకుండా పోయే ప్రమాదం ఉంది.

కాబట్టి నా సలహా మధ్యేమార్గం. వాల్వ్ ధ్వని కావాలనుకుంటే ఈఎల్84 వాల్వుల పుష్-పుల్ (వాల్వులు జతగా వంతులవారీగా పనిచేసే) యాంప్లిఫయర్, పన్నెండు నుంచి పదిహేను వాట్లది, కొంత ఫీడ్‌బ్యాక్ ఉన్నది చూడండి. దాని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఒక ఓముకు అటూ ఇటూగా ఉంటుంది, మీ స్పీకర్ల నిజమైన సెన్సిటివిటీ 95 అయినా వాట్లకు కొదవ ఉండదు, వాల్వులు మార్చే ఖర్చు 300బితో పోలిస్తే చాలా తక్కువ. ఏ వాల్వ్ యాంప్లిఫయర్ తెచ్చినా వెనుక ఉన్న ఎనిమిది ఓముల ట్యాప్‌తో (స్పీకర్ టెర్మినల్‌తో) పాటు నాలుగు ఓముల ట్యాప్‌కు కూడా కలిపి వినండి. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ దాదాపు సగమవుతుంది, కొంత పవర్ పోయినా మీకు లోటు లేదు. స్పీకర్ కలపకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చేసి పాట పెట్టకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. అమ్మేవారిని రొద ఎన్ని మిల్లీవోల్టులని అడగండి. 300బి ఫిలమెంటును ఏసీతో వేడిచేసే డిజైన్లలో హమ్ ఒకటి రెండు మిల్లీవోల్టులు ఉండడం కద్దు. 88 డెసిబెల్స్ స్పీకర్లతో దాన్ని ఎవరూ పట్టించుకోరు, మీ హాలులో అది అతిథిలా కూర్చుంటుంది.

మన దగ్గర మరో రెండు ఇబ్బందులున్నాయి. విదేశం నుంచి తెప్పించిన యాంప్లిఫయర్ 220 వోల్టులకు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌తో వస్తే, మీ ఇంట్లో రాత్రిపూట 240 వోల్టులు వచ్చినప్పుడు ఫిలమెంట్లకు తొమ్మిది శాతం ఎక్కువ వోల్టేజి అందుతుంది, వాల్వుల ఆయుష్షు తగ్గుతుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన 120 వోల్టుల యాంప్లిఫయర్‌కు స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మన 50 హెర్ట్జ్ మారదు. 60 హెర్ట్జ్‌కు మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన దగ్గర మరింత వేడెక్కి గుయ్‌మంటుంది. రెండోది వేడి. స్టీరియో 300బి పాడినా పాడకపోయినా గోడ నుంచి వంద వాట్లకు పైగా లాగుతూ గదిని వేడిచేస్తుంది. రోహిణీ కార్తెలో దాని పక్కన కూర్చుని కచేరీ వినడానికి సంగీతం మీద ప్రేమతో పాటు ఏసీ బిల్లు మీద ఉదాసీనత కూడా ఉండాలి.

ట్రాన్సిస్టర్ దారిలోనే ఉండాలనుకుంటే అందులో చిన్నతనం ఏమీ లేదు. క్లాస్ ఏబీ (తక్కువ స్థాయిలో రెండు ట్రాన్సిస్టర్లూ కలిసి, ఎక్కువ స్థాయిలో వంతులవారీగా పనిచేసే) యాంప్లిఫయర్లకు తక్కువ స్థాయిలో క్రాసోవర్ వక్రీకరణ (పని ఒక ట్రాన్సిస్టర్ నుంచి మరొకదానికి మారేచోట వచ్చే తప్పు) ఉంటుందని, అందువల్ల అధిక దక్షత స్పీకర్లకు అవి పనికిరావని తరచూ రాస్తుంటారు. బయాస్ (పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు) సరిగా పెట్టని యాంప్లిఫయర్‌కు ఇది నిజమే. అందులో స్థాయి తగ్గేకొద్దీ వక్రీకరణ శాతం పెరుగుతుంది. కాని బయాస్ సరిగా ఉన్న ఏబీ యాంప్లిఫయర్ సుమారు ఐదవ వంతు వాటు దాకా క్లాస్ ఏలోనే (ట్రాన్సిస్టర్లు ఎప్పుడూ ఆగకుండా పనిచేస్తూ) నడుస్తుంది, మీ ఎనిమిది మిల్లీవాట్లు దానికి చాలా లోపల ఉన్నాయి. వక్రీకరణ గ్రాఫ్ ఎడమ వైపు, అంటే మిల్లీవాట్ల వైపు పైకి లేస్తూ కనిపిస్తే భయపడకండి. ఇప్పటి మంచి యాంప్లిఫయర్లలో అక్కడ కనిపించేది ఎక్కువగా రొదే, వక్రీకరణ కాదు. అమెరికన్ యాంప్లిఫయర్ డిజైనర్ నెల్సన్ పాస్ తన చిన్న యాంప్లిఫయర్ల సంస్థకు ‘ఫస్ట్ వాట్’ అని పేరు పెట్టడంలో ఆ మొదటి వాటు బాగుండాలన్న పట్టుదల ఉంది. ఆయన నలుగురూ కట్టుకోవడానికి విడుదల చేసిన చిన్న క్లాస్ ఏ డిజైన్లు సోల్డరింగ్ తెలిసినవారికి మంచి పని. పది వాట్ల లోపు దానితోనే మీ హాలు నిండుతుంది. క్లాస్ డీ (స్విచ్చింగ్ పద్ధతిలో పనిచేసే) బోర్డులలో రొద ఒకదానికీ మరొకదానికీ చాలా తేడాగా ఉంటుంది; గెయిన్ తగ్గించే స్విచ్చో జంపరో ఉన్నది ఎంచుకుని, తిరిగి ఇచ్చే వీలు ఉంటేనే కొనండి.

రెండు వందల వాట్ల యాంప్లిఫయర్ కొంటే స్పీకర్లు కాలిపోతాయా అని కూడా అడిగారు. నాబ్ మీ చేతిలో ఉన్నంతకాలం కాలవు. కాని పెద్ద యాంప్లిఫయర్లకు గెయిన్ ఎక్కువ, రొద ఎక్కువ ఉండే అవకాశం ఉంది. కళ్యాణమండపాలకు వాడే యాంప్లిఫయర్లలో ఫ్యాను చప్పుడు కూడా తోడవుతుంది. మీకు అక్కరలేని దానికి డబ్బు ఇచ్చి, అక్కరలేని దానిని ఇంటికి తెచ్చుకున్నట్లవుతుంది. స్పీకర్ వైరు విషయం ఒక్క మాటలో చెబుతాను: ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయిదు మీటర్లకు రానూపోనూ కలిపి 0.1 ఓము కూడా ఉండదు, అంతకు మించి ఖర్చు పెట్టకండి.

ముందు ఈ ఆదివారం షార్టింగ్ ప్లగ్గుల పరీక్ష చేసి, తరువాత పది డెసిబెల్స్ అటెన్యుయేటర్ పెట్టి ఒక నెల వినండి. అప్పటికీ వాల్వ్ కోరిక తీరకపోతే ఎవరి దగ్గరైనా ఈఎల్84 యాంప్లిఫయర్ ఒక వారం అరువు తెచ్చుకుని మీ గదిలో, మీ స్పీకర్లతో, మీకు బాగా తెలిసిన నాలుగు పాటలతో విని నిర్ణయించుకోండి. ప్లగ్గులు పెట్టినప్పుడు బుస పోయిందో లేదో, మీ యాంప్లిఫయర్ మెయిన్-ఇన్ ఇంపీడెన్స్ మాన్యువల్‌లో ఎంత రాసి ఉందో తెలియజేస్తే, మీకు పది డెసిబెల్స్ సరిపోతుందా పదిహేను కావాలా అన్నది లెక్కవేసి రెసిస్టర్ల విలువలు రాస్తాను.